ఈఎంఈ వదిలాక బెంగళూరులో: ఆర్మీ వెహికిల్ మెకానిక్ సివిల్ ఉద్యోగం ఎలా పట్టాలి

ఆర్మీలో వాహనాలు, యంత్రాలు బాగుచేసే ఈఎంఈ విభాగంలో వెహికిల్ మెకానిక్‌గా పదిహేడేళ్లో ఇరవై నాలుగేళ్లో చేసి వచ్చినవాళ్లకు బెంగళూరులో అన్నిటికంటే తొందరగా దొరికేది అపార్ట్‌మెంట్ గేటు దగ్గర సెక్యూరిటీ ఉద్యోగం. ఏజెన్సీవాళ్లు ముందు అదే చూపిస్తారు. అందులో చిన్నతనమేమీ లేదు గానీ, గేర్‌బాక్స్ విప్పి బిగించగల చేతికి అది దండగ. పైగా రెండేళ్లు గేటు దగ్గర ఉండిపోతే, తర్వాత వర్క్‌షాప్ ఇంటర్వ్యూలో ఆ రెండేళ్ల గురించే అడుగుతారు.

స్టాలియన్, టాటా ఎల్‌పీటీఏ లారీలు, జిప్సీల మీద పనిచేసినవాళ్లకూ, ట్యాంకులు, బీఎంపీల (ట్రాక్‌ల మీద నడిచే యుద్ధ వాహనాల) మీద చేసినవాళ్లకూ పనికొచ్చేలా ఇది రాశాం. రిలీజ్‌కి ఇంకా ఏడాది ఉంటే మొదటి నుంచి చదవండి. ఇప్పటికే బయటికొచ్చేసి ఉంటే కాగితాల సంగతి ఒకసారి సరిచూసుకుని ముందుకు వెళ్లండి.

1. యూనిట్ వదలకముందే కాగితాలు

డిశ్చార్జ్ బుక్, పీపీఓ (పెన్షన్ మంజూరు పత్రం) ఎలాగూ ఇస్తారు. చేజారేవి మిగతావి: ట్రేడ్ టెస్ట్ క్లాస్-3, 2, 1 పాసైన నకళ్లు, సికింద్రాబాద్ ఎంసీఈఎంఈలోనో వడోదర ఈఎంఈ స్కూల్లోనో చేసిన కోర్సుల సర్టిఫికెట్లు. కోర్సు చేస్తారు, సర్టిఫికెట్ మాత్రం మీ సర్వీసు ఫైలు, అంటే డాసియర్‌లోనే ఉండిపోతుంది. బయటికొచ్చాక రికార్డ్స్ ఆఫీసుకు ఉత్తరాలు రాసి తెప్పించుకోవడం పెద్ద తలనొప్పి. క్లర్కు దగ్గర కూర్చుని ఒక్కోటి అడిగి తీసుకోండి. డిశ్చార్జ్ బుక్‌లో మీ ట్రేడ్‌కు సమానమైన సివిల్ ట్రేడ్ నమోదైందో లేదో అక్కడే చూసుకోండి.

డీజీఆర్ (మాజీ సైనికుల పునరావాస డైరెక్టరేట్) ప్రీ-రిలీజ్ కోర్సుకు జేసీఓలు (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్లు), ఓఆర్‌ల (ఇతర ర్యాంకులవారి) ఫీజు ప్రభుత్వమే కడుతుంది. చాలామంది సెక్యూరిటీ సూపర్‌వైజర్ కోర్సో, ఇంటికి దగ్గర్లో ఉన్నదేదో టిక్కు పెట్టేస్తారు. జాబితాలో ఆటోమొబైల్ డయాగ్నొస్టిక్స్, ఎలక్ట్రిక్ వాహనాలు, ఫ్లీట్ లేదా లాజిస్టిక్స్ మేనేజ్‌మెంట్ ఉంటే వాటిలో ఒకటి తీసుకోండి, ఊరు దూరమైనా సరే.

హెవీ డ్రైవింగ్ లైసెన్స్ లేకపోతే ఈ ఏడాదిలోనే తెచ్చుకోండి. ట్రాన్స్‌పోర్ట్ వాహనం లెర్నర్స్ తీసుకోవాలంటే ఎల్‌ఎంవీ (తేలికపాటి వాహనం) లైసెన్స్ వచ్చి కనీసం ఏడాది కావాలి కాబట్టి చివరి నెలలో పరుగెత్తితే కుదరదు. రిపేరు చేసిన లారీని తానే రోడ్డు మీద నడిపి చూడగలిగిన మెకానిక్‌కీ, డ్రైవర్ కోసం ఎదురుచూసే మెకానిక్‌కీ మేనేజర్ దృష్టిలో చాలా తేడా ఉంటుంది.

పదో తరగతి పాసై 15 ఏళ్ల సర్వీసు ఉన్న మాజీ సైనికుడిని, సాంకేతిక విద్యార్హత తప్పనిసరి కాని కేంద్ర గ్రూప్-సి పోస్టులకు డిగ్రీతో సమానంగా చూస్తారు. డిప్లొమా అడిగే పోస్టుకు మాత్రం ఇది పనిచేయదు. ప్రైవేటు కంపెనీలకైతే ఆటోమోటివ్ స్కిల్స్ డెవలప్‌మెంట్ కౌన్సిల్ వారి ఆర్‌పీఎల్ (ముందే ఉన్న నైపుణ్యాన్ని గుర్తించే) పరీక్ష రాసి సర్వీస్ టెక్నీషియన్ లెవెల్ సర్టిఫికెట్ తెచ్చుకోవడం మేలు. ట్రేడ్ క్లాస్-1 అంటే ఏమిటో హెచ్‌ఆర్ అమ్మాయికి తెలియదు, ఆ సర్టిఫికెట్ అంటే తెలుస్తుంది.

బయటికి రాగానే సొంత జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో పేరు, మాజీ సైనికుల గుర్తింపు కార్డు, ఆ తర్వాత ఏడబ్ల్యూపీఓ (ఆర్మీవాళ్లకు ఉద్యోగాలు చూపే సంస్థ) రిజిస్ట్రేషన్. బెంగళూరులో సైనిక సంక్షేమ శాఖ ఆఫీసు రెసిడెన్సీ రోడ్డు మీద, ఫీల్డ్ మార్షల్ కరియప్ప భవన్‌లో ఉంది.

నాలుగేళ్లకు బయటికొచ్చే అగ్నివీరులకు మాజీ సైనికుడి హోదా లేదు కాబట్టి కింద చెప్పే కోటాలు వర్తించవు. వాళ్లకు ఆర్‌పీఎల్, స్కానర్ (బండి కంప్యూటర్‌ను చదివే పరికరం) పని మరీ ముఖ్యం.

2. రెజ్యూమె ఒక్క పేజీ

“ఫీల్డ్ వర్క్‌షాప్‌లో వీఎం, క్లాస్-1, ఎల్‌ఏడీలో మూడేళ్లు” అని రాస్తే చదివేవాడికి ఒక్క ముక్కా అర్థం కాదు. అదే అనుభవాన్ని ఇలా రాయండి: “24 వోల్టుల డీజిల్ ట్రక్కులు 60, వాటి షెడ్యూల్ మెయింటెనెన్స్ బాధ్యత, క్లచ్, గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్ ఓవర్‌హాల్, ఎయిర్ బ్రేకులు, రోడ్డు మీద ఆగిన వాహనాల రికవరీ, కింద ఆరుగురు మెకానిక్‌లు, స్టోర్, జాబ్ కార్డు రికార్డులు.” అంకెలు మీ సొంతవి, నిజమైనవి వేయండి, ఎందుకంటే ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న వాటి మీదే వస్తుంది.

వీఓఆర్ స్టేట్ రోజూ తయారుచేసినవాళ్లు “ఆగిపోయిన వాహనాల రోజువారీ లెక్క, కారణం, తిరిగి రోడ్డెక్కే తేదీ” అని రాయండి. ప్రైవేటు ఫ్లీట్లలో చాలాచోట్ల ఆ లెక్క సరిగ్గా ఉండదు, యజమానికి కావలసిందీ అదే.

యూనిట్ ఎక్కడ ఉంది, ఎన్ని బండ్లు ఏ రకానివి అని కలిపి రాయకండి. “భారీ ట్రాక్డ్ వాహనాలు, 12 సిలిండర్ల డీజిల్ ఇంజిన్” అంటే చాలు. సర్వీసులో తీసిన వాహనాల ఫొటోలు వాట్సాప్‌లో ఎవరికీ పంపొద్దు.

3. బీఎస్-6 అంతరం పూడ్చుకోండి

అసలు కష్టం ఇక్కడే. మీ చేయి తిరిగింది ఎక్కువగా మెకానికల్ పంపు ఇంజిన్ల మీద. 2020 ఏప్రిల్ 1 నుంచి రిజిస్టరైన డీజిల్ లారీలు, బస్సులు దాదాపు అన్నీ బీఎస్-6 (కొత్త పొగ నియంత్రణ ప్రమాణం). ఇంజిన్ లోపలి ఇనుము పెద్దగా మారలేదు. చుట్టూ ఉన్న ఇంధన వ్యవస్థ, సైలెన్సర్ వైపు సామాను, వైరింగ్ మారిపోయాయి.

ముందుగా ప్రాణం మీదికి తెచ్చే అలవాటు ఒకటి మానుకోవాలి. పాత ఇంజిన్‌లో ఎయిర్ పడితే ఫిల్టర్ దగ్గర బ్లీడ్ స్క్రూ వదులు చేసి, హ్యాండ్ ప్రైమర్ కొట్టి, ఆపైన నాజిల్ యూనియన్ నట్లు వదిలి సెల్ఫ్ కొడతాం. కామన్ రైల్ ఇంజిన్ (అన్ని ఇంజెక్టర్లకూ ఒకే గొట్టం నుంచి ఎక్కువ ఒత్తిడితో డీజిల్ వెళ్లేది) మీద ఆ పని ఎప్పుడూ చేయకూడదు. రైల్‌లో 1,600 బార్, కొన్నిట్లో అంతకంటే ఎక్కువ ఒత్తిడి ఉంటుంది. వదులైన నట్టు నుంచి వచ్చే సన్నటి డీజిల్ ధార చేతి తొడుగును చీల్చుకుని చర్మం కిందికి దూరిపోతుంది. పైకి చిన్న చుక్క గాయంలా కనిపిస్తుంది, లోపల కండ కుళ్లుతుంది. అలా జరిగితే కట్టు కట్టుకుని ఊరుకోకుండా నేరుగా సర్జన్ ఉన్న ఆసుపత్రికి వెళ్లాలి. పని చేయాలంటే ఇంజిన్ ఆపి, స్కానర్‌లో రైల్ ప్రెజర్ సున్నా అని చూశాకే పానా పెట్టండి. స్కానర్ లేకపోతే కనీసం పది నిమిషాలు ఆగండి. ఎయిర్ తీయడం లో-ప్రెజర్ వైపు ప్రైమర్‌తోనే.

ఇంజెక్టర్ మార్చినప్పుడు దాని తల మీద ఉన్న కోడ్‌ను ఇంజిన్ కంప్యూటర్, అంటే ఈసీయూలో ఎక్కించాలి. ఎక్కించకపోతే ఇంజిన్ స్టార్టవుతుంది గానీ ఐడిల్‌లో ఊగుతుంది, పొగ వస్తుంది, నాక్ చేస్తుంది. అప్పుడు “కొత్త ఇంజెక్టరే డిఫెక్ట్” అని కంపెనీని తిట్టుకుంటూ కూర్చుంటారు.

ఇక డీపీఎఫ్, అంటే పొగలోని మసిని పట్టే ఫిల్టర్ సంగతి. మసి కాల్చడానికి సైలెన్సర్‌లో దాదాపు 600 డిగ్రీలు కావాలి. సిల్క్ బోర్డ్ దగ్గర గంటసేపు పాకే స్టాఫ్ బస్సుకు ఆ వేడి రాదు. రీజెనరేషన్ (మసి కాల్చే పని) మొదలవుతుంది, డ్రైవర్ ఇంజిన్ ఆపేస్తాడు, మళ్లీ మొదలవుతుంది, మళ్లీ ఆగుతుంది. లేట్ ఇంజెక్షన్‌తో మసి కాల్చే ఇంజిన్లలో ఆ అదనపు డీజిల్ ఆయిల్‌లోకి దిగుతుంది. డిప్ స్టిక్ మీద ఆయిల్ మట్టం పెరిగి, డీజిల్ వాసన వస్తే ఇదే కారణం. ఆయిల్ మార్చి ఊరుకుంటే నెలకే మళ్లీ అదే కథ. ఆ బస్సును వారానికోసారి నైస్ రోడ్డు మీదో ఎయిర్‌పోర్ట్ రోడ్డు మీదో ఆగకుండా అరగంట నడిపించే ఏర్పాటు చేయాలి, లేదా స్కానర్‌తో రీజెనరేషన్ చేయించాలి. చేయించేటప్పుడు బండి కింద ఎండు గడ్డి, గుడ్డపీలికలు లేకుండా చూడండి. ఈ ఇంజిన్లకు యాష్ తక్కువ ఉండే ఆయిలే పోయాలి. పాత గ్రేడ్ ఆయిల్ పోస్తే డీపీఎఫ్ బూడిదతో పూడుకుపోతుంది, బూడిద రీజెనరేషన్‌కు కాలదు.

డీఈఎఫ్ (పొగలోని విషవాయువు తగ్గించడానికి సైలెన్సర్ వైపు చల్లే ద్రవం) అంటే 32.5 శాతం యూరియా, మిగతాది శుద్ధి చేసిన నీళ్లు. డ్రైవర్లు మిగిల్చుకోవడానికి కుళాయి నీళ్లు కలుపుతారు. గాఢత కొలిచే రిఫ్రాక్టోమీటర్ మీద ఒక్క చుక్క వేస్తే తెలిసిపోతుంది. డీజిల్ పోసిన గరాటుతోనే డీఈఎఫ్ పోస్తే ట్యాంకు పంపు, రబ్బరు భాగాలు పాడవుతాయి. డీఈఎఫ్‌ను చల్లే డోజర్ దగ్గర తెల్లటి గడ్డలు కనిపిస్తే ముందు లీకు, స్ప్రే చూడండి, సెన్సర్ మార్చడం తర్వాత.

ఇక వైరింగ్. స్కానర్ తగిలించే 16 పిన్నుల ఓబీడీ సాకెట్‌లో 4, 5 ఎర్త్, 16 బ్యాటరీ, 6 క్యాన్ హై, 14 క్యాన్ లో (క్యాన్ అంటే బండిలోని కంప్యూటర్లు మాట్లాడుకునే రెండు తీగల లైను). బ్యాటరీ తీసి 6, 14 మధ్య మల్టీమీటర్ పెడితే చాలా వాహనాల్లో 60 ఓమ్‌లు రావాలి. 120 వస్తే ఒక చివర తెగింది, సున్నాకు దగ్గరగా వస్తే రెండు తీగలు కలిశాయి. సాకెట్‌కూ క్యాన్ లైనుకూ మధ్య గేట్‌వే ఉన్న బండిలో ఈ అంకె వేరుగా ఉండొచ్చు, కంపెనీ డయాగ్రామ్ చూడండి. 12 వోల్టుల కార్లకు చేసిన చౌక స్కానర్‌ను 24 వోల్టుల లారీకి తగిలించొద్దు, కాలిపోతుంది.

ఇవన్నీ రెండు మూడు నెలల్లో పట్టుబడతాయి. డీజిల్ ఇంజిన్ ఎలా శ్వాసిస్తుందో మీకు ముందే తెలుసు కాబట్టి కొత్తగా ఐటీఐ పాసైన కుర్రాడికంటే మీకే తొందరగా వస్తాయి.

4. ఎక్కడ అడగాలి

మా ఉద్దేశంలో ఆర్మీ మెకానిక్‌కు అన్నిటికంటే సరిపోయే ఉద్యోగం ఫ్లీట్ మెయింటెనెన్స్ సూపర్‌వైజర్. అవుటర్ రింగ్ రోడ్డు, వైట్‌ఫీల్డ్, ఎలక్ట్రానిక్ సిటీ కంపెనీలకు స్టాఫ్ బస్సులు నడిపేవాళ్లు, స్కూల్ బస్సులు, కలాసిపాళ్యం ట్రావెల్స్, నెలమంగళ, హోస్కోట గోడౌన్ల చుట్టూ ఉండే లాజిస్టిక్స్ కంపెనీలు. వీళ్లకు గొప్ప మెకానిక్ కంటే, రేపు పొద్దున్న ఐదింటికి యాభై బండ్లలో నలభై ఎనిమిది కదులుతాయని రాత్రే చెప్పగలిగిన మనిషి కావాలి. యూనిట్ బండ్లు నిలిపే ఎంటీ పార్కులో మీరు చేసింది అదే.

చేరిన మొదటి నెలలో వరుస ఇది. మొదట ప్రతి బండికి ఒక పేజీ: కిలోమీటర్లు, చివరి ఆయిల్ మార్పు, టైర్ల స్థితి, బ్యాటరీ తేదీ, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్), పర్మిట్, ఇన్సూరెన్స్, పీయూసీ (పొగ పరీక్ష) గడువులు. ఎనిమిదేళ్ల లోపు ట్రాన్స్‌పోర్ట్ వాహనానికి ఎఫ్‌సీ రెండేళ్లకోసారి, దాటాక ఏటా. తర్వాత బండ్లను మూడు గుంపులు చేయండి: ఇవాళే ఆపాల్సినవి, నెలలో చేయాల్సినవి, ఢోకా లేనివి. బ్రేకు, స్టీరింగ్, ముందు టైర్లలో లోపం ఉన్నవి మొదటి గుంపులోకి. స్టాఫ్ బస్సులు పొద్దున ట్రిప్ అయ్యాక సాయంత్రం దాకా ఖాళీగా ఉంటాయి. పదకొండు నుంచి మూడింటి వరకు ఉండే ఆ సందులోనే సర్వీసు పెట్టుకోవాలి. రాత్రికి వాయిదా వేస్తే పని పూర్తికాదు.

ఇక్కడ ఆర్మీవాళ్లు తడబడేది ఒకచోట. అక్కడ మీరు బండి అన్‌ఫిట్ అంటే అది కదలదు. ఇక్కడ ఆపరేషన్స్ మేనేజర్ “ఈ ఒక్క ట్రిప్ వేసొస్తుంది సార్” అంటాడు. గొంతు పెంచితే మీరే బయటికి పోతారు. లోపం, తేదీ, టైము రాసి వాట్సాప్‌లో యజమానికి కూడా పంపండి, బదులు బండి ఏదో మీరే చూపించండి. లిఖితపూర్వకంగా ఉంటే చాలాసార్లు వాళ్లే ఆపుతారు. స్పేర్ల కొనుగోలులో కమీషన్లు నడిచే చోట పాత పార్టు వెనక్కి తీసుకునే పద్ధతి పెడితే కొందరికి గిట్టదు. మొదటి వారంలోనే యజమాని ఒప్పుకున్నాక మొదలుపెట్టండి.

డీలర్ వర్క్‌షాపులు రెండో దారి. టెక్నీషియన్‌గా చేరి ఫ్లోర్ ఇన్‌చార్జ్, సర్వీస్ అడ్వైజర్, వర్క్స్ మేనేజర్ దాకా వెళ్లొచ్చు. మొదటి జీతం తక్కువగా ఉంటుంది, మీకంటే పదిహేనేళ్లు చిన్నవాడు సూపర్‌వైజర్‌గా ఉంటాడు. అది మింగుడుపడితే కంపెనీ ట్రైనింగ్ ఉచితంగా వస్తుంది, ఏడాదిలో మీ విలువ మారుతుంది. అడ్వైజర్ పనికి కొంచెం కన్నడ కావాలి. హోసూరు, కేఆర్ పురం వైపు తెలుగుతోనే చాలావరకు నెట్టుకురావచ్చు.

ట్యాంకులు, బీఎంపీల మీద చేసినవాళ్లు మట్టి తవ్వే యంత్రాల వైపు వెళ్లండి. హైడ్రాలిక్స్, ట్రాక్ టెన్షన్, ఫైనల్ డ్రైవ్ మీకు కొత్త కావు. ఎక్స్‌కవేటర్ల డీలర్ల ఫీల్డ్ సర్వీస్ ఉద్యోగాల్లో తిరుగుడు ఎక్కువ, అలవెన్సులూ ఎక్కువే. ఇల్లు కదలలేనివాళ్లకు డీజిల్ జనరేటర్లు ఉన్నాయి. పెద్ద అపార్ట్‌మెంట్లు, ఆసుపత్రులు, ఐటీ పార్కులు అన్నిటికీ జనరేటర్ ఉంటుంది, దాన్ని చూసుకునే ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు) కంపెనీకి మనిషి కావాలి.

ఎలక్ట్రిక్ బస్సుల్లో అవకాశాలు పెరుగుతున్నాయి. బీఎంటీసీ కాంట్రాక్టు మీద తిరిగే ఎలక్ట్రిక్ బస్సుల మెయింటెనెన్స్ ఆపరేటర్ కంపెనీలదే, కాబట్టి దరఖాస్తు వాళ్లకు చేయాలి. నారింజ రంగు కేబుల్ అంటే హై వోల్టేజ్, బస్సుల్లో సుమారు 600 వోల్టులు. సర్వీస్ డిస్‌కనెక్ట్ తీసి, తాళం వేసి, కెపాసిటర్లు డిశ్చార్జ్ కావడానికి కంపెనీ చెప్పినంతసేపు, సాధారణంగా 5 నుంచి 10 నిమిషాలు ఆగి, 1,000 వోల్టుల మీటర్‌తో సున్నా చూశాకే చేయి పెట్టాలి. రబ్బరు గ్లోవ్‌ను ప్రతిసారీ మణికట్టు వైపు నుంచి చుట్టి గాలి నొక్కి చూడండి, ఎక్కడైనా గాలి పోతే పారేయండి.

ప్రభుత్వ ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ ఖాళీగా కూర్చోవద్దు, కానీ దరఖాస్తు ఆపొద్దు. కేంద్ర శాఖల గ్రూప్-సిలో 10 శాతం, కేంద్ర ప్రభుత్వరంగ సంస్థల గ్రూప్-సిలో 14.5 శాతం మాజీ సైనికులకు. అసలు వయసులోంచి సర్వీసు కాలం, ఆపైన మరో 3 ఏళ్లు తీసేస్తారు. 42 ఏళ్ల మనిషికి 20 ఏళ్ల సర్వీసు ఉంటే లెక్కలో వయసు 19. హలసూరు 515 ఆర్మీ బేస్ వర్క్‌షాప్ సివిలియన్ పోస్టులు, బీఆర్‌ఓ (సరిహద్దు రోడ్ల సంస్థ) వెహికిల్ మెకానిక్, బీఈఎంఎల్ (భారీ యంత్రాలు చేసే ప్రభుత్వరంగ సంస్థ), చెన్నై ఆవడిలోని హెవీ వెహికిల్స్ ఫ్యాక్టరీ, రైల్వే నోటిఫికేషన్లు గమనిస్తూ ఉండండి. ఒక మెలిక ఉంది: కేంద్ర ఉద్యోగంలో ఒకసారి కోటా వాడుకుని చేరితే తర్వాత ఆ కోటా ఉండదు. చేరేముందే మీరు దరఖాస్తు చేసిన మిగతా పోస్టుల జాబితాను తేదీలతో సహా కొత్త ఆఫీసుకు రాసిస్తే వాటికి కోటా నిలుస్తుంది. చాలామందికి ఇది చేరాక తెలుస్తుంది.

నేర్పడం ఇష్టమైతే ఐటీఐ ఇన్‌స్ట్రక్టర్. దానికి సీఐటీఎస్ (ఇన్‌స్ట్రక్టర్ శిక్షణ) ఏడాది కోర్సు చేయాలి. బెంగళూరు, చెన్నై రెండింటిలో ఆ శిక్షణ ఇచ్చే ఎన్‌ఎస్‌టీఐలు ఉన్నాయి, మీ ట్రేడ్ ఎక్కడ ఉందో ఆ ఏడాది ప్రాస్పెక్టస్‌లో చూసుకోండి.

5. ట్రయల్ రోజు

చాలా వర్క్‌షాపులు ఇచ్చే పరీక్ష ఒకటే: సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజిన్ అందుకోవట్లేదు. పానా తీయకండి. ముందు డ్రైవర్‌ను రెండు ప్రశ్నలు అడగండి, ఎప్పుడు మొదలైంది, చివరగా ఏం పని చేయించారు అని. బ్యాటరీ వోల్టేజ్, తర్వాత స్కానర్‌లో కోడ్లు రాసుకోండి, చెరిపేయకండి. సెల్ఫ్ కొడుతూ ఆర్‌పీఎం చూడండి. సున్నా చూపిస్తే క్రాంక్ సెన్సర్ వైపు వెళ్లండి. ఆర్‌పీఎం ఉండి రైల్ ప్రెజర్ సుమారు 200 బార్ దాకా రాకపోతే డీజిల్ ఫిల్టర్, ఎయిర్, ఆపైన ఇంజెక్టర్ల లీక్-ఆఫ్ కొలత, అంటే ఒక్కో ఇంజెక్టర్ నుంచి వెనక్కి వచ్చే డీజిల్‌ను ఒక్కో సీసాలో పట్టడం. నాలుగు సీసాల్లో ఒకటి మిగతావాటికంటే ముందు నిండితే దోషి అదే. చేస్తున్నది ఎందుకో పైకి చెబుతూ చేయండి. పక్కన నిలబడ్డవాడు మీ వేగం కంటే వరుసను చూస్తాడు.

ఉద్యోగం ఇస్తామని ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకుంటామంటే వద్దనండి. పెన్షన్ వస్తుంది కదా అని జీతం తగ్గిస్తే ఒప్పుకోకండి, ఆ పెన్షన్ వెనకటి పనికి.

6. సొంత షెడ్డు

గ్రాట్యుటీ, కమ్యుటేషన్ డబ్బు చేతిలో పడగానే గ్యారేజీ పెట్టేద్దామనిపిస్తుంది. కనీసం రెండేళ్లు ఎవరి దగ్గరైనా చేశాకే పెట్టండి. పని రాక కాదు. ఏ స్పేరు ఏ ధరకు, జేసీ రోడ్డులో ఎవరు అసలు సరుకు ఇస్తారు, ఏ కస్టమర్ డబ్బు ఎగ్గొడతాడు అన్నది ఆ రెండేళ్లలోనే తెలుస్తుంది.

పెట్టేటప్పుడు అద్దె షెడ్డులో ముందు నేల చూడండి. 4 టన్నుల రెండు స్తంభాల లిఫ్ట్‌కు కనీసం 150 మిల్లీమీటర్ల మందం మంచి కాంక్రీటు కావాలి. పల్చటి ఫ్లోరింగ్ మీద యాంకర్ బోల్టులు కొడితే బరువుకు ఊడి వస్తాయి. బండి కింద పని చేయడానికి గుంత తవ్వితే గాలి బయటికి లాగే ఫ్యాన్ పెట్టండి. బెంగళూరు ఆటోల్లో ఎల్‌పీజీవి చాలా ఉన్నాయి. ఎల్‌పీజీ గాలికంటే బరువు, లీకైతే గుంతలోకి దిగి నిలుస్తుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. గ్యాస్ ఆటోను గుంత మీదికి ఎక్కించకండి. కార్పొరేషన్ ట్రేడ్ లైసెన్స్, ఉద్యమ్ (చిన్న వ్యాపారాల నమోదు) రిజిస్ట్రేషన్, ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితే జీఎస్‌టీ కూడా కావాలి. వాడిన ఆయిల్ డ్రమ్ములో పోసి అనుమతి ఉన్న రీసైక్లర్‌కు బిల్లు మీద ఇవ్వండి.

షెడ్డు మూతపడేది సాధారణంగా అరువు వల్ల. ఫ్లీట్ వాళ్లు 45 నుంచి 60 రోజులు ఆగమంటారు, స్పేర్ల షాపువాడు వారానికే అడుగుతాడు. కాబట్టి స్పేర్ల డబ్బు ముందే, లేబర్ మాత్రం అరువు అని మొదటి రోజే చెప్పండి. ఒక్క ఫ్లీట్ బాకీ మీ నెల అద్దె, జీతాల మొత్తాన్ని దాటిందంటే పాత బిల్లు తీరేదాకా వాళ్ల కొత్త బండికి జాబ్ కార్డు తెరవకండి.